కారులో మెక్సికో సరిహద్దు దాటే ముందు

నవంబరు చివరి వారం నుంచి జనవరి మొదటి వారం దాకా, మళ్లీ మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ రోజుల్లో, టెక్సస్, అరిజోనా, దక్షిణ కాలిఫోర్నియాలలో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో ఏటా ఒకటే చర్చ నడుస్తుంది: కారు వేసుకుని మెక్సికో వెళ్లవచ్చునా, ప్రాణాల మీదికి తెచ్చుకుంటామా? పోయినేడు వెళ్లి హాయిగా తిరిగి వచ్చినవారు సముద్రపు ఒడ్డున దిగిన ఫొటోలు చూపిస్తారు, వెళ్లనివారు వార్తల్లో చూసిన అపహరణల గురించి చెబుతారు, చివరికి ఎవరి మాట గట్టిగా వినిపిస్తే నిర్ణయం అటు మొగ్గుతుంది. నిజానికి ఆ ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, కాకపోతే ఇద్దరూ వేర్వేరు దారుల గురించి మాట్లాడుతున్నారు. కాబట్టి మెక్సికో మంచిదా చెడ్డదా అన్న వాదన పక్కన పెట్టి, ఏ సరిహద్దు వంతెన మీదుగా, ఏ రోడ్డున, ఏ వేళకు, ఏ బండిలో, ఏ పాస్‌పోర్టుతో వెళుతున్నామన్నది తేల్చుకోవాలి.

ముందుగా చదవవలసింది అమెరికా విదేశాంగ శాఖ ప్రయాణ సూచన. అది మెక్సికోను ఒక్క ముద్దగా చూడదు, రాష్ట్రం వారీగా ఒకటి నుంచి నాలుగు వరకు స్థాయిలు ఇస్తుంది. టెక్సస్ దక్షిణ కొసకు ఆనుకుని ఉన్న టమౌలిపాస్ రాష్ట్రం కొన్నేళ్లుగా నాలుగో స్థాయిలో, అంటే అసలు వెళ్లవద్దన్న వర్గంలో ఉంది. టిహువానా ఉన్న బాహా కాలిఫోర్నియా, అరిజోనా కింద ఉన్న సొనోరా, ఎల్ పాసో అవతలి చివావా మూడో స్థాయిలో, అంటే వెళ్లాలా అని మరోసారి ఆలోచించుకోమన్న వర్గంలో ఉంటూ వచ్చాయి. తూర్పున దూరంగా ఉన్న యుకటాన్ మాత్రం మామూలు జాగ్రత్తలు చాలన్న మొదటి స్థాయిలో ఉంటూ వచ్చింది. ఈ స్థాయిలు మారుతుంటాయి కాబట్టి, నెల కిందట ఎవరో పంపిన స్క్రీన్‌షాట్ మీద ఆధారపడకుండా బయలుదేరే వారంలో మరొకసారి చూసుకోవడం అవసరం.

అయితే స్థాయి అంకె కన్నా ఎక్కువ పనికివచ్చే భాగం ఆ సూచనలో కొంచెం కిందికి వెళితే కనిపిస్తుంది. అమెరికా ప్రభుత్వం తన సొంత ఉద్యోగులకు విధించిన నియమాలు అక్కడ ఉంటాయి, పెద్దగా ఎవరూ అంతదూరం చదవరు. ఇటీవలి సంవత్సరాల సూచనల ప్రకారం వారు సరిహద్దు నుంచి మెక్సికో లోపలికి కారు నడపకూడదు, మూడు మినహాయింపులు మాత్రం ఉన్నాయి: బాహా కాలిఫోర్నియాలో పగటి ప్రయాణం, అరిజోనా సరిహద్దులోని నొగాలెస్ నుంచి హెర్మోసియో దాకా 15డి రహదారి, టెక్సస్‌లోని లారెడోకు ఎదురుగా ఉన్న న్యూవో లారెడో నుంచి మోంటెర్రే దాకా 85డి రహదారి. చీకటి పడ్డాక ఊళ్ల మధ్య ప్రయాణం చేయకూడదు, రోడ్డు మీద చెయ్యెత్తి టాక్సీ ఆపకూడదు. సమాచారం అందరికన్నా ఎక్కువ తెలిసినవారు తమ మనుషులకు పెట్టుకున్న గీత ఇది. సామాన్య ప్రయాణికుడికి ఇంతకన్నా మంచి కొలబద్ద నాకు కనిపించలేదు. మీరు అనుకున్న దారి ఆ మినహాయింపుల్లో లేకపోతే కారు ఇంట్లో పెట్టి విమానం ఎక్కండి. మెక్సికో సిటీకో గ్వాదలహారాకో డల్లాస్ నుంచి రెండు మూడు గంటల విమాన ప్రయాణం ఉండగా, దారి పొడవునా భయపడుతూ రోజంతా కారు నడపడంలో ఆదా అయ్యేది ఏమీ ఉండదు.

నేరాల తీరు తెలిస్తే ఈ గీత ఎందుకో అర్థమవుతుంది. 2023 మార్చి 3న టెక్సస్‌లోని బ్రౌన్స్‌విల్ నుంచి మటమోరోస్‌కు వైద్యం కోసం తెల్లని మినీవ్యాన్‌లో వెళ్లిన నలుగురు అమెరికన్ల మీద పట్టపగలు కాల్పులు జరిపి వారిని ఎత్తుకుపోయారు. వారిలో ఇద్దరు మరణించారు, దారిన పోతున్న ఒక మెక్సికన్ మహిళ కూడా తూటాకు బలైంది. ఆ ఊరు టమౌలిపాస్‌లో ఉంది. పగలు కదా, వంతెన దాటితే నాలుగు వీధులే కదా అన్న ధైర్యం అక్కడ పనిచేయదని ఆ ఘటన చూపించింది. 2024 ఏప్రిల్ చివరలో బాహా కాలిఫోర్నియాలోని ఎన్సెనాడాకు దక్షిణంగా, మనుషులు పలుచగా ఉండే సముద్రతీరంలో గుడారం వేసుకున్న ఇద్దరు ఆస్ట్రేలియా అన్నదమ్ములు, వారి అమెరికన్ స్నేహితుడు హత్యకు గురైన ఉదంతం మరో రకం. దొంగలు వారి పికప్ ట్రక్కు కోసం, ముఖ్యంగా దాని టైర్ల కోసం వచ్చారని అక్కడి ప్రాసిక్యూటర్లు చెప్పారు. అదే తీరం వెంట ఊళ్లలో హోటళ్లలో బస చేసి వచ్చేవారు లెక్కలేనంతమంది. ఒంటరి స్థలం, రాత్రి, విలువైన పెద్ద బండి, ఈ మూడూ ఒకచోట చేరితే ముప్పు ఎంత పెరుగుతుందో అక్కడ తెలిసింది. ఇక 2023 జనవరి 5న సినలోవా రాజధాని కులియకాన్‌లో ఒక ముఠా నాయకుడి అరెస్టుకు ప్రతీకారంగా లారీలు, బస్సులు తగలబెట్టి రహదారులు మూసేశారు, విమానాశ్రయంలో విమానానికి కూడా తూటాలు తగిలాయి. పర్యాటకుల మీద ఎవరికీ కక్ష లేకపోయినా, అటువంటి రోజున రోడ్డు మీద ఉన్నవారందరూ ఇరుక్కుంటారు. కాబట్టి ఉదయం బయలుదేరే ముందు వెళ్లే రాష్ట్రం వార్తలు ఒకసారి చూడడం, హోటల్‌కు ఫోన్ చేసి దారి ఎలా ఉందని అడగడం వాతావరణం చూసుకున్నంత మామూలు పనిగా పెట్టుకోవాలి.

న్యూవో లారెడో నుంచి మోంటెర్రేకు సుమారు 220 కిలోమీటర్లు, అంటే దాదాపు హైదరాబాద్ నుంచి కర్నూలుకు వెళ్లినంత దూరం. 2021లో ఈ మార్గంలో పదుల సంఖ్యలో ప్రయాణికులు అదృశ్యమయ్యారు, వారిలో ఎక్కువమంది మెక్సికన్లే. ప్రతి డిసెంబరులోనూ అమెరికాలో పనిచేసే మెక్సికన్లు సొంత ఊళ్లకు సామాన్లతో వెళుతూ లారెడోలో గుమికూడి, కార్లన్నీ వరుసగా, పోలీసు రక్షణతో, తెల్లవారుతూనే కదులుతారు. అక్కడ పుట్టి పెరిగినవారే అలా వెళుతున్నప్పుడు మనం ఒంటరి కారులో, సాయంత్రం ఆఫీసు ముగించుకుని డల్లాస్ నుంచి బయలుదేరి అర్ధరాత్రికి వంతెన దాటాలనుకోవడం తెలివైన పని కాదు. ముందు రోజు రాత్రికి లారెడోలో ఆగి, నిద్రపోయి, ట్యాంకు నింపుకుని, వెలుగు వచ్చాక దాటి, మధ్యాహ్నానికి ముందే గమ్యం చేరాలి.

మెక్సికోలో చాలా చోట్ల రెండు సమాంతర రోడ్లుంటాయి. టోల్ కట్టేదాన్ని క్వోతా అనీ, కట్టనక్కరలేనిదాన్ని లిబ్రే అనీ బోర్డుల మీద రాస్తారు. ఎప్పుడూ క్వోతానే పట్టుకోవాలి. ఇక్కడ చాలామంది మరిచిపోయే చిన్న విషయం ఒకటుంది: అమెరికాలో టోల్ డబ్బులు మిగుల్చుకోవడానికి ఫోన్ మ్యాపులో టోల్ రోడ్లు తప్పించమన్న మీట ఎప్పుడో నొక్కి ఉంటారు, అది అలాగే ఉండిపోతే సరిహద్దు దాటగానే మ్యాపు మిమ్మల్ని నేరుగా లిబ్రే రోడ్డులోకి, కొండల మధ్యకు తీసుకుపోతుంది. బయలుదేరే ముందు ఆ మీట తీసేయండి, మ్యాపును ఆఫ్‌లైన్‌లో దించుకోండి, టోల్ గేట్ల కోసం పెసోల నోట్లు చిన్నవి దగ్గర ఉంచుకోండి. అత్యవసరానికి అక్కడా 911 పనిచేస్తుంది. రహదారి మీద బండి ఆగిపోతే 078కు ఫోన్ చేస్తే పర్యాటకులకు సాయపడే ఆకుపచ్చ ట్రక్కుల బృందం, అంటే ఆంహెలెస్ వెర్దెస్, వస్తుంది.

సైనికులో పోలీసులో తనిఖీకి ఆపితే తప్పించుకుపోయే ప్రయత్నం చేయకూడదు. అద్దం దించి, చేతులు స్టీరింగు మీద ఉంచి, అడిగినదానికి నెమ్మదిగా జవాబు చెప్పాలి. ట్రాఫిక్ పోలీసు లేనిపోని తప్పు చూపి అక్కడికక్కడే డబ్బు అడిగితే, రాతపూర్వకమైన చలానా ఇవ్వమని, స్టేషనులో కడతామని మర్యాదగా చెప్పాలి. చాలాసార్లు వ్యవహారం అక్కడితో తెగిపోతుంది. ఆయుధాలతో బండి ఆపినవాడు దొంగే అయితే మాత్రం బేరం వద్దు. తాళాలు ఇచ్చి, పిల్లల్ని దించుకుని పక్కకు తప్పుకోవాలి.

ఇప్పుడు మనవాళ్లకు మాత్రమే వర్తించే సంగతికి వస్తాను, నా ఉద్దేశంలో ఇదే అన్నిటికన్నా బరువైనది. అమెరికా పౌరుడు మెక్సికోలో పాస్‌పోర్టు పోగొట్టుకుంటే దగ్గరి అమెరికా కాన్సులేట్‌కు వెళతాడు. భారత పాస్‌పోర్టుతో, అందులో హెచ్-1బి స్టాంపుతో ఉన్నవారు కారుతో పాటు పాస్‌పోర్టు ఉన్న సంచీ కూడా పోగొట్టుకుంటే, మెక్సికో సిటీలోని భారత రాయబార కార్యాలయం ద్వారా ప్రయాణ పత్రం తెచ్చుకోవాలి, ఆపైన అమెరికా వీసా మళ్లీ సంపాదించాలి. పర్యాటక, ఉద్యోగ తదితర తాత్కాలిక వీసాలకు దరఖాస్తు చేసేవారు తమ పౌరసత్వ దేశంలో గానీ నివాస దేశంలో గానీ ఇంటర్వ్యూకు వెళ్లాలని 2025 సెప్టెంబరులో అమెరికా విదేశాంగ శాఖ ప్రకటించింది. ఒకప్పుడు మనవాళ్లు స్టాంపింగ్ కోసం, అంటే పాస్‌పోర్టులో కొత్త వీసా వేయించుకోవడానికి, టిహువానాకో హువారెజ్‌కో వెళ్లి వచ్చినంత తేలికగా ఇప్పుడు పని జరగదు. అంటే అద్దం పగలగొట్టి సంచీ ఎత్తుకుపోయిన మామూలు దొంగతనం ఒకటి, ఇండియాకు వెళ్లి నెలల తరబడి వేచి ఉండే పరిస్థితికి దారి తీయవచ్చు. పాస్‌పోర్టు కారులో వదలకూడదు, ఒంటిని అంటిపెట్టుకుని ఉండాలి. ఇంటిల్లిపాదివీ ఒకే సంచీలో పెట్టకూడదు. పాస్‌పోర్టు, వీసా పేజీ, ఐ-94 (అమెరికాలో ప్రవేశించిన రికార్డు), ఐ-797 (వలస శాఖ ఇచ్చే ఆమోద పత్రం), గ్రీన్ కార్డు ఫొటోలు ఫోన్‌లోనూ, ఇంటి దగ్గరున్న ఒకరి దగ్గరా ఉంచాలి.

చెల్లుబాటు అయ్యే అమెరికా వీసా లేదా గ్రీన్ కార్డు ఉన్న భారతీయులకు మెక్సికో వీసా అవసరం లేదు, ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రుల పర్యాటక వీసా కూడా ఇందుకు సరిపోతుంది. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు ముగిసి ఐ-94 మాత్రమే మిగిలినవారు, ముప్పై రోజుల లోపు ప్రయాణమైతే పాత స్టాంపుతోనే అమెరికాకు తిరిగి రావచ్చన్న నిబంధన విని సంబరపడుతుంటారు. ఆ నిబంధన తిరిగి రావడానికే గానీ మెక్సికోలో అడుగుపెట్టడానికి కాదు, వారు మెక్సికో వీసా విడిగా తీసుకోవాలి. పైగా దక్షిణానికి పోయేటప్పుడు చాలా చోట్ల పచ్చ దీపం వెలిగితే ఎవరూ ఆపరు. మనమే బండి పక్కన పెట్టి వలస కార్యాలయంలో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే లోపల తనిఖీ కేంద్రంలో ఇబ్బంది పడతాం.

బండి విషయం. అమెరికా బీమా అక్కడ చెల్లదు, మెక్సికన్ బీమా రోజుల లెక్కన తీసుకోవాలి. అందులో దొంగతనానికి రక్షణ ఉందా, న్యాయ సహాయం ఉందా అన్న రెండూ చూసి మరీ కొనాలి, ఎందుకంటే ప్రమాదంలో ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత తేలేదాకా డ్రైవరును నిలిపి ఉంచే వీలుంది. బాహా దాటి, సరిహద్దు పట్టీని దాటి లోపలికి వెళితే బాన్‌హెర్సితో బ్యాంకులో బండికి తాత్కాలిక అనుమతి తీసుకోవాలి. 2007, ఆ తర్వాతి మోడళ్లకు 400 డాలర్ల ధరావతు కట్టి, తిరిగి వచ్చేటప్పుడు రద్దు చేయించుకోవాలి. అప్పు మీద ఉన్న కారైతే రుణదాత లేఖ కావాలి. అద్దె కార్లను ఎక్కువ కంపెనీలు సరిహద్దు దాటనివ్వవు. రెండు బళ్లుంటే, మెరిసే పెద్ద ఎస్‌యూవీని వదిలి పాత సెడాన్ తీసుకెళ్లండి.

టెక్సస్‌లో తుపాకీ కొన్నవారు డాష్‌బోర్డు అర, సీట్ల కింద, షూటింగ్ రేంజికి తీసుకెళ్లిన సంచీ వెతికి, ఒక్క తూటా కూడా లేదని నిర్ధారించుకున్నాకే కదలాలి. 2014లో దారి తప్పి తుపాకులతో టిహువానాలోకి వచ్చానన్న మాజీ అమెరికన్ సైనికుడు ఏడు నెలలు జైల్లో ఉన్నాడు. టిహువానాకు దాటే శాన్ ఇసీద్రో గేటు దగ్గర అమెరికాలో ఆఖరి ఎగ్జిట్ అని చెప్పే బోర్డు దాటాక వెనక్కి తిప్పుకునే చోటు ఉండదు.

ఇంకొక మోసం ఫోన్‌లో జరుగుతుంది. మీ పిల్లవాడిని ఎత్తుకుపోయామంటూ హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఉన్న పెద్దవాళ్లకు ఫోన్ చేసి భయపెడతారు, లేదా హోటల్ గదికి ఫోన్ చేసి బయటికి రావద్దని బెదిరించి ఈలోగా ఇంటివాళ్ల దగ్గర డబ్బు లాగుతారు. బయలుదేరే ముందే, తెలుగులో, ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియని ప్రశ్న ఒకటి అనుకుని ఉంచండి: నాయనమ్మ నిన్ను ఏమని పిలిచేది, అన్నట్టు. జవాబు రాకపోతే డబ్బు పంపవద్దని పెద్దవాళ్లకు గట్టిగా చెప్పండి. మీ దారి, హోటల్ పేరు, చేరే వేళ ఒకరికి తెలిసి ఉండాలి.

తిరుగు ప్రయాణంలో బండి కింద, చక్రాల వెనుక, బంపరు లోపల ఒకసారి టార్చి వేసి చూడండి, ఎందుకంటే తరచుగా దాటే కార్లకు వాటి యజమానులకు తెలియకుండానే అయస్కాంతంతో మత్తుమందు పొట్లాలు అంటించిన కేసులు ఎల్ పాసో వైపు జరిగాయి. వీసా మీద ఉన్నవారికి అటువంటి నింద మీద పడితే కోలుకోవడం కష్టం. అనుమానంగా ఏదైనా కనిపిస్తే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి. సరిహద్దు క్యూలు సెలవుల చివరి రోజున గంటల తరబడి సాగుతాయి కాబట్టి, నిరీక్షణ సమయం చూపించే యాప్ చూసుకుని, క్యూలో గడిపే సమయం కూడా పగటిలోనే పడేలా బయలుదేరాలి. రాకీ పాయింట్‌కు, అంటే ప్వెర్తో పెన్యాస్కోకు వెళ్లే అరిజోనావాళ్లు దాటే లూక్‌విల్ గేటు సాధారణంగా ఉదయం ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకానే తెరిచి ఉంటుంది, 2023 డిసెంబరులో అది నెల రోజులు పూర్తిగా మూతబడింది కూడా. దానికి రెండు వైపులా ఉన్న వేరే గేట్లు ఎడారి రోడ్డు మీద గంటల దూరంలో ఉన్నాయి. వేళకు అందుకోలేమని అనిపిస్తే ఆ రాత్రి పెన్యాస్కోలోనే గది తీసుకుని, ఆఫీసుకు ఒక రోజు సెలవు పెట్టి, మరునాడు ఉదయం బయలుదేరండి.