కారు ఇగ్నిషన్ లాక్ మొరాయిస్తే ఎలా సరిచేయాలి, ఎంతవుతుంది?

తాళం తిరగకపోయినా లాక్ పోయిందంటాం, తిరిగి కూడా బండి స్టార్ట్ కాకపోయినా లాక్ పోయిందంటాం. షాపులో అదే మాట చెబితే చాలాసార్లు మొత్తం లాక్ సెట్టు ధర రాసి చేతిలో పెడతారు. నిజానికి తాళం పెట్టే ఆ ఒక్క చోట మూడు వేర్వేరు సామాన్లు ఉంటాయి. ముందున్నది బారెల్. తాళం చెవి పళ్లకు తగ్గట్టు పైకీ కిందికీ కదిలే సన్నని పలకలు దానిలో ఉంటాయి, స్టీరింగ్‌ను బిగించే కడ్డీ కూడా దానితోనే కదులుతుంది. బారెల్ తోకకు తగిలించి ఉండేది కరెంటు స్విచ్. ఇక మూడోది చిప్ వ్యవహారం: తాళం చెవి తలలో చిప్పు, బారెల్ మూతి చుట్టూ తీగచుట్టు ఉన్న రింగు, వెనక ఇమ్మొబిలైజర్ (చిప్పు సరిపోలకపోతే ఇంజిన్‌ను లేవనివ్వని పెట్టె). ఈ మూడింటిలో ఏది పోయిందో తేలకముందు ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి. అయిదారు వందల పని అయిదారు వేలయ్యేది ఇక్కడే.

తాళం తిరగకపోతే

ముందు స్టీరింగ్ చూడండి. సాలూరు దాటి సుంకి ఘాట్ మీదో, రాయగడ చుట్టుపక్కల వాలు రోడ్ల మీదో బండి ఆపినప్పుడు ముందు చక్రం రాయికి ఆనించి, స్టీరింగ్ ఒక పక్కకు తిప్పి పెడతాం. అప్పుడు లాక్ కడ్డీ మీద బరువు పడి బారెల్ బిగుసుకుంటుంది. అది లాక్ చెడిపోవడం కాదు. ఒక చేత్తో స్టీరింగ్‌ను కాస్త కదులుతున్న వైపుకు గట్టిగా పట్టి ఉంచి, రెండో చేత్తో తాళాన్ని మెల్లగా తిప్పండి. ఆ వైపు రాకపోతే రెండో వైపు చూడండి. ఆటోమేటిక్ బండి అయితే తాళం బయటికి రావాలంటే గేరు పి (పార్కింగ్) లోనే ఉండాలి. ఒకసారి గేరు కదిపి మళ్లీ పి లోకి తెచ్చి చూడండి. కటింగ్ ప్లేయరుతో మాత్రం తాళాన్ని తిప్పొద్దు. చెవి లోపల విరిగితే విరిగిన ముక్క తీయించడం వేరే పని, వేరే ఖర్చు.

తర్వాత ఇంట్లో ఉన్న రెండో తాళం తెచ్చి పెట్టండి. దాంతో సాఫీగా తిరిగితే బారెల్ బాగానే ఉన్నట్టు, రోజూ వాడే చెవి అరిగిపోయినట్టు. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు: అరిగిన చెవినే ఇచ్చి డూప్లికేట్ చేయిస్తారు. అరుగుదల కూడా కొత్త చెవిలోకి అచ్చంగా దిగుతుంది, నాలుగు రోజులకు మళ్లీ అదే గొడవ. బండి కొన్నప్పుడు తాళాలతో పాటు ఒక చిన్న రేకు బిళ్ల ఇస్తారు, దాని మీద కీ నంబరు ఉంటుంది. ఆ నంబరుతో కోయిస్తేనే అసలు కొలతలు వస్తాయి. బిళ్ల లేకపోతే ఎక్కువ వాడని రెండో చెవిని నమూనాగా ఇవ్వండి.

రెండు తాళాలూ బిగుసుకుంటే లోపల మురికి ఉండొచ్చు. గోపాల్‌పూర్, బరంపురం వైపు సముద్రపు గాలిలో ఉప్పు తేమ ఉంటుంది, పలకల వెనక ఉండే సన్నని స్ప్రింగులకు తుప్పు పడుతుంది. కొరాపుట్, రాయగడ వైపు ఎర్రమట్టి దుమ్ము చేరుతుంది. శుభ్రం చేసే పద్ధతి ఇది. పంక్చర్ షాపులో గాలి పైపుతో మూతిలోకి రెండు మూడుసార్లు గాలి కొట్టించండి. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేను సన్నని గొట్టంతో రెండంటే రెండుసార్లు చిన్నగా నొక్కండి. తాళాన్ని పది పదిహేనుసార్లు లోపలికి పెట్టి తీయండి, తీసిన ప్రతిసారీ గుడ్డతో తుడవండి. ఆ గుడ్డ మీద నల్లగా, మెరుస్తూ ఇత్తడి పొడి కనిపిస్తే మురికి ఒక్కటే కాదు, పలకలే అరిగిపోతున్నాయని అర్థం. అరగంట ఆరనిచ్చాక గ్రాఫైట్ పొడి చిటికెడు చెవి పళ్ల మీద రాసి పెట్టి తిప్పండి. టెఫ్లాన్ డ్రై స్ప్రే అయినా సరే.

కొబ్బరినూనె, ఇంజిన్ ఆయిల్, కుట్టుమిషన్ నూనె పోయొద్దు. ఆ పూటకు హాయిగా తిరుగుతుంది, తర్వాత దుమ్ము నూనెతో కలిసి ముద్ద కట్టి పలకలను పట్టేస్తుంది. అతిగా పోస్తే వెనక ఉన్న కరెంటు స్విచ్‌లోకీ దిగుతుంది.

తిరుగుతుంది గానీ స్టార్ట్ కాకపోతే

ఇప్పుడు బారెల్‌ను వదిలేసి కరెంటు దగ్గరికి రండి. చేతిలో వోల్టులు కొలిచే మల్టీమీటరు ఒకటి ఉంటే సగం పని మీరే చేసుకోవచ్చు. బ్యాటరీ రెండు కొనల మధ్య 12.6 వోల్టులు ఉంటే పూర్తి ఛార్జి, 12.2కి దిగితే సగం ఖాళీ. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి పడిపోతే తప్పు బ్యాటరీదో, టెర్మినల్ మీద పట్టిన తెల్లటి పొడిదో. లాక్ జోలికి పోనక్కర్లేదు. కొరాపుట్ చలికాలపు ఉదయాల్లో లాక్ మీద పడే నిందల్లో చాలావరకు ఈ బ్యాటరీవే.

బ్యాటరీ బాగుండి, తాళం ఆన్ చేసినా డాష్‌బోర్డులో ఒక్క దీపమూ వెలగకపోతే ముందు ఫ్యూజులు చూడండి, తర్వాత స్విచ్ మీద అనుమానపడండి. దీపాలన్నీ వెలిగి, సెల్ఫ్ మాత్రం నిశ్శబ్దంగా ఉంటే స్విచ్‌లో 50 నంబరు కొనను కొలవాలి. స్విచ్ వెనక కొనలకు యూరప్ కంపెనీల బండ్లలో ఎక్కువగా ఈ అంకెలు వాడతారు, జపాన్, కొరియా కంపెనీల బండ్లలో వీటి బదులు తరచూ బి, ఐజీ, ఎస్‌టీ లాంటి అక్షరాలు ఉంటాయి: 30 అంటే బ్యాటరీ నుంచి ఎప్పుడూ వచ్చే కరెంటు, 15 అంటే ఆన్‌లో ఇంజిన్‌కు పోయేది, 50 అంటే సెల్ఫ్‌కు పోయేది. తాళాన్ని స్టార్ట్‌లో పట్టి ఉంచినప్పుడు 30 దగ్గర ఎంత ఉందో 50 దగ్గరా దాదాపు అంతే రావాలి. అర వోల్టుకు మించి తేడా ఉంటే లోపలి కాంటాక్టులు కాలిపోయినట్టే. 50 దగ్గర కరెంటు సరిగా వస్తూ ఉంటే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), సెల్ఫ్ సొలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్), ఆటోమేటిక్ బండి అయితే గేరు స్విచ్ చూడాలి.

సెల్ఫ్ గిర్రున తిరిగి ఇంజిన్ అందుకోకపోవడం, లేదా అందుకుని రెండు సెకన్లలో ఆగిపోవడం, దాంతో పాటు డాష్‌బోర్డులో తాళం బొమ్మ దీపం టకటకా మెరవడం: ఇది చిప్ గుర్తు. మెకానిక్‌ను పిలిచే ముందు రెండో తాళంతో చూడండి. తాళాల గుత్తిలో ఇంకో కారు చిప్ చెవి ఉంటే విడదీసి చూడండి, రెండు చిప్పులు దగ్గరగా ఉంటే రింగు తికమకపడుతుంది. బటన్ స్టార్ట్ బండ్లలో బారెల్ ఉండదు. రిమోట్‌లో చాలావాటికి సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ వేస్తారు, అది దిగిపోతే రిమోట్‌నే బటన్‌కు ఆనించి నొక్కితే చాలా మోడళ్లు స్టార్ట్ అవుతాయి.

వాయిదా వేయకూడనివి

రెండు లక్షణాలు కనిపిస్తే ఆ రోజే షాపుకు వెళ్లండి. మొదటిది, స్టార్ట్ నుంచి తాళం తనంతట తాను ఆన్‌కు వెనక్కి రాకపోవడం. స్ప్రింగు విరిగిందన్నమాట, ఇంజిన్ లేచాక కూడా సెల్ఫ్ తిరుగుతూనే ఉండి కాలిపోతుంది. రెండోది, గతుకులో పడినప్పుడు ఇంజిన్ ఆగిపోవడం, లేదా తాళాన్ని వేలితో కదిపితే డాష్‌బోర్డు దీపాలు ఆరి వెలగడం. నడుస్తున్న బండిలో ఇలా జరిగితే పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకుకు బూస్టర్ బలం రెండు మూడు తొక్కులతో అయిపోతుంది, ఎయిర్‌బ్యాగ్ పని చేయకపోవచ్చు. 2014లో జనరల్ మోటార్స్ అమెరికాలో లక్షల సంఖ్యలో చిన్న కార్లను వెనక్కి పిలిచింది ఇదే లోపానికి; ఆ స్విచ్ తనంతట తాను ఆన్ నుంచి జారిపోయేది, 124 మరణాలకు అది కారణమని తేల్చి కంపెనీ పరిహారం ఇచ్చింది. అందుకే ఇంటి తాళాలు, షాపు తాళాలు, ఇత్తడి దేవుడి బొమ్మ అన్నీ కలిపి కారు చెవికి వేలాడదీయొద్దు. ఇంజిన్ ఆగితే భయపడి తాళం బయటికి లాగొద్దు, స్టీరింగ్ లాక్ పడిపోతుంది. తాళాన్ని ఆన్‌లోనే ఉంచి, బ్రేకును పంపు కొట్టినట్టు కాకుండా ఒకే తొక్కు గట్టిగా పట్టి, పక్కకు ఆపండి.

స్విచ్ మార్చే పని

చాలా చిన్న కార్లలో కరెంటు స్విచ్ ఒక్కటే విడిగా మారుతుంది, బారెల్‌ను కదపక్కర్లేదు, పాత తాళాలే పని చేస్తాయి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి అయితే కనీసం అయిదు నిమిషాలు ఆగాలి. స్టీరింగ్ కింద ప్లాస్టిక్ కవరు స్క్రూలు తీసి కవరు దింపితే బారెల్ వెనక వైర్ల కప్లరు కనిపిస్తుంది. నాలుక నొక్కి కప్లరు లాగాలి, స్విచ్‌ను పట్టిన ఒకటి రెండు చిన్న స్క్రూలు తీస్తే స్విచ్ ఊడొస్తుంది. కొత్తది పెట్టే ముందు కప్లరు కొనలు దగ్గరగా చూడండి: ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, ఒక కొన చుట్టూ కరిగి ఉంటే కప్లరు కూడా మార్చాలి. లేదంటే కొత్త స్విచ్ అదే వేడికి మళ్లీ కాలుతుంది. ఆ వేడికి కారణం చాలాసార్లు మనం బయట వేయించిన హారన్లు, ఫాగ్ లైట్లు, ఆంప్లిఫయర్. వాటి కరెంటు స్విచ్ గుండా పోకుండా రిలే పెట్టించి, ఫ్యూజుతో నేరుగా బ్యాటరీ నుంచి ఇప్పించండి.

బారెల్ మార్చడం ఇంట్లో చేసే పని కాదు. స్టీరింగ్ లాక్‌ను తల విరిగే బోల్టులతో బిగిస్తారు, దొంగలు విప్పకుండా. వాటిని డ్రిల్లుతోనో, ఉలితోనో తీసి, మళ్లీ కొత్త బోల్టులే వేయాలి. మామూలు బోల్టులు వేస్తామంటే ఒప్పుకోవద్దు.

ఖర్చులు

చిన్న, మధ్యస్థం కార్లకు రమారమి లెక్క ఇలా ఉంటుంది. చిప్ లేని చెవి 150 నుంచి 300 రూపాయలు. చిప్ చెవి, ప్రోగ్రామింగుతో కలిపి బయట 1,500 నుంచి 4,000. షోరూములో అంతకు మించి. కరెంటు స్విచ్ 500 నుంచి 2,000, కూలి 300 నుంచి 800. పూర్తి లాక్ సెట్టు 2,500 నుంచి 8,000, ఇమ్మొబిలైజర్ కోడింగ్ విడిగా. బటన్ స్టార్ట్ రిమోట్ పోతే 8,000 పైమాటే. సామానుకూ కూలికీ 18 శాతం జీఎస్టీ పడుతుంది, చెప్పిన ధర పన్నుతోనా, పన్ను లేకుండానా అని ముందే అడగండి. లాక్ సెట్టు మొత్తం మారిస్తే తలుపులకూ అదే తాళం వస్తుంది. బారెల్ ఒక్కటే మారిస్తే తలుపుకు ఒకటి, ఇగ్నిషన్‌కు ఒకటి, రెండు చెవులు మోయాలి. అయితే మంచి తాళాల పనివాడు కొత్త బారెల్ పలకలను పాత చెవికి సర్ది ఇవ్వగలడు. అది అడిగి చూడటం మంచిది, చాలా డబ్బు మిగులుతుంది.

పర్లాకిమిడి, గుణుపురం లాంటి ఊళ్లలో చెవి కోసేవాళ్లు దొరికినా చిప్ ప్రోగ్రామింగ్ స్కానరు దొరకడం కష్టం. బరంపురమో, శ్రీకాకుళమో, విజయనగరమో పోవాల్సి వస్తుంది. బండి నడవని స్థితిలో ఉంటే తాడు కట్టి లాగించొద్దు, స్టీరింగ్ లాక్ పడి ఉంటే మలుపు తిరగదు. బండిని పైకెక్కించుకుని మోసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ లారీని పిలిపించండి. జాతీయ రహదారి మీద ఆగితే సహాయానికి 1033 నంబరు ఉంది. ఒడిశా నంబరు బండితో ఆంధ్రాలో తాళం చేయించుకునేటప్పుడు ఆర్సీ, గుర్తింపు కార్డు అడుగుతారు, అడగాలి కూడా. డిజీలాకర్‌లో ఉన్నది చెల్లుతుంది. కంపెనీ వారంటీలో ఉన్న బండి అయితే ఏ రాష్ట్రంలోని అధీకృత సర్వీసు సెంటరులోనైనా చూపించుకోవచ్చు.

బీమా గురించి: అరుగుదలతో పోయిన లాక్‌కు ఓన్ డ్యామేజ్ పాలసీ (మన బండికి జరిగే నష్టానికి తీసుకునే బీమా) డబ్బివ్వదు. దొంగతనం ప్రయత్నంలో లాక్ పగలగొడితే ఇస్తుంది. పోలీసు ఫిర్యాదు కావాలి, 1500 సీసీ లోపు కార్లకు మొదటి 1,000 రూపాయలు మీరే భరించాలి. తాళాలు పోయినప్పుడు ఖర్చు రావాలంటే కీ రీప్లేస్‌మెంట్ యాడ్ ఆన్ (పాలసీకి అదనంగా చేర్చుకునే రక్షణ) విడిగా ఉండాలి. తాళం పోతే పోలీస్ స్టేషన్‌లో నమోదు చేయించి ఆ కాగితం దాచండి: రేపు బండి దొంగతనమైతే బీమా కంపెనీ రెండు తాళాలూ చూపించమంటుంది. పోయిన చెవి చిప్పును ఇమ్మొబిలైజర్ జాబితా నుంచి తీసేయమని కొత్త చెవి ప్రోగ్రామ్ చేసేటప్పుడే అడగండి, స్కానరు పెట్టినప్పుడు అది అయిదు నిమిషాల పని.