వెనక సైరన్ వినిపిస్తే ఏం చేయాలి: కడపలో బండి నడిపేవాళ్లకు

సైరన్ చెవిన పడగానే మనలో చాలామంది చేసే మొదటి పని యాక్సిలరేటర్ తొక్కడం. చెడ్డ ఉద్దేశమేమీ ఉండదు, మనం తొందరగా పోతే వెనక ఆంబులెన్సూ తొందరగా వస్తుందిలే అనుకుంటారు. కానీ వంద గజాల ముందు ఒక ఆటోనో, ఆర్టీసీ బస్సో ఆగి ఉంటుంది, అక్కడ మీరు సడన్ బ్రేకు కొడతారు, మీ వెనకే వస్తున్న ఆంబులెన్స్ కూడా కొట్టాల్సి వస్తుంది, లోపల స్ట్రెచర్ మీద ఉన్న మనిషి, పక్కన నిలబడి సెలైన్ పట్టుకున్న మనిషి ఇద్దరూ ముందుకు తూలతారు. ఆంబులెన్స్ డ్రైవర్‌కు మీ స్పీడుతో పని లేదు. మీరు ఎటు పోతారో ఆయనకు ముందే అర్థమైతే చాలు.

అందుకే పద్ధతి ఇది: ముందు అద్దం చూడండి, ఎడమ ఇండికేటర్ వేయండి, నిదానంగా వేగం తగ్గిస్తూ ఎడమకు జరగండి, అవసరమైతే ఆపండి. ఈ వరస మారకూడదు. ఇండికేటర్ లేకుండా గబుక్కున ఎడమకు కోస్తే, ఎడమవైపు నుంచి దూరిపోదామని చూస్తున్న బైకువాడు మీ డోరుకు తగులుకుంటాడు. ఎట్టి పరిస్థితుల్లోనూ కుడికి జరగొద్దు, ఆంబులెన్స్ వచ్చేది సాధారణంగా అటునుంచే. డివైడర్ ఉన్న రోడ్డులో మీరు కుడి లైన్‌లో ఇరుక్కుని, ఎడమవైపు బండ్లు కిక్కిరిసి ఉంటే అడ్డంగా దూరే ప్రయత్నం చేయకండి. ఎడమ ఇండికేటర్ వేసుకుని, మీ లైన్‌లోనే నిదానంగా పోతూ, సందు దొరికిన చోట జరగండి. పక్క లైన్‌లో ఉన్నవాళ్లు ఆ సందు ఇవ్వాలి, అసలు చిక్కంతా వాళ్లు ఇవ్వకపోవడమే.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను. 2017లో వచ్చిన డ్రైవింగ్ నిబంధనల ప్రకారం ఫైర్ ఇంజిన్, ఆంబులెన్స్, పోలీసు వాహనం ఎమర్జెన్సీ మీద వస్తుంటే రోడ్డు పక్కకు తీసి దారి ఇవ్వాలి. రెండు మూడు ఒకేసారి వస్తే మొదటి హక్కు ఫైర్ ఇంజిన్‌ది, తర్వాత ఆంబులెన్స్‌ది, ఆ తర్వాతే పోలీసులది. ఇవ్వకపోతే మోటారు వాహనాల చట్టం 194ఇ సెక్షన్ కింద 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. 2019 సెప్టెంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. నాయకుల కాన్వాయ్‌కి ఇచ్చే దారి వేరే సంగతి, దాన్ని దీంతో కలపకండి. వీఐపీ కార్ల మీద ఎర్ర బుగ్గలు 2017 మే 1తోనే పోయాయి.

ఇక మన ఊరి విషయానికొద్దాం. ఏడు రోడ్ల కూడలి దగ్గర అసలు తలనొప్పి ఏమిటంటే, సైరన్ వినిపిస్తుంది గానీ ఏ రోడ్డు నుంచి వస్తుందో తెలియదు, అంగళ్ల గోడలకు తగిలి మోత అన్ని వైపుల నుంచీ వచ్చినట్టుంటుంది. అలాంటప్పుడు కూడలిలోకి దిగకుండా ఆగి, ఆంబులెన్స్ లైటు ఎటు కనపడుతుందో చూడండి. అప్పటికే కూడలి మధ్యలో ఉంటే మాత్రం అక్కడ ఆగొద్దు. మీరు పోయే రోడ్డులోకి పూర్తిగా దాటుకుని, నాలుగు బండ్ల దూరం పోయాక ఎడమకు తీయండి. చాలామంది మర్యాదగా సర్కిల్ మధ్యలోనే ఆపేసి చేత్తో "పో పో" అని సైగ చేస్తుంటారు, ఆంబులెన్స్ పోవడానికి వాళ్ల కారే అడ్డం.

వైవీ స్ట్రీట్ లాంటి చోట పక్కకు జరగడానికి స్థలమే ఉండదు. అక్కడ దారి ఇవ్వాల్సింది నడుపుతున్నవాళ్ల కంటే ముందు నిలబెట్టినవాళ్లు. "రెండు నిమిషాల్లో వస్తా" అని రోడ్డు మీద వాలుగా పెట్టిన స్కూటర్, దించుతున్న సరుకు, హ్యాండిల్ లాక్ వేసిన బైకు. ఆంబులెన్స్ ఎలాగోలా దూరినా ఫైర్ ఇంజిన్ దూరదు, అది వేల లీటర్ల నీళ్లతో ఉంటుంది, మలుపు తిరగడానికి ఎక్కువ జాగా కావాలి, బ్రేకు వేసినా వెంటనే ఆగదు. ఫైర్ ఇంజిన్ ముందు నుంచి దూసుకుపోవడం కన్నా బుద్ధితక్కువ పని ఇంకోటి లేదని నా అభిప్రాయం.

సిగ్నల్ దగ్గర మీరే ముందుంటే ఏం చేయాలన్నది అందరికీ ఉండే టెన్షన్. రెడ్ లైటు దాటే వెసులుబాటు ఆంబులెన్స్‌కు ఉంది, మీకు లేదు. ముందు ఎడమకు జరిగి చూడండి. అలా కుదరకపోతే రెండు వైపులా చూసుకుని గీత దాటి కొంచెం ముందుకు, ఎడమ మూలకు జరిగి ఆగండి, సిగ్నల్ దాటి వెళ్లిపోవద్దు. కానిస్టేబుల్ ఉంటే ఆయన చెయ్యి ఎటు ఊపితే అటు.

రైలు గేటు దగ్గర కథ మరీ ఘోరం. గేటు పడగానే మన బైకులు, ఆటోలు ఎడమవైపు నిండాక కుడివైపు కూడా ఆక్రమించేస్తాయి, అవతలి పక్కన వాళ్లూ అంతే. గేటు లేచేసరికి రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి, మధ్యలో ఆంబులెన్స్ చిక్కుకుంటుంది. రైలును ఎవరూ ఆపలేరు గానీ కుడివైపు రోడ్డు ఖాళీగా వదిలితే గేటు ఎత్తిన మరుక్షణం ఆంబులెన్స్ దాటిపోతుంది.

గువ్వలచెరువు ఘాట్‌లో మాత్రం పైన చెప్పిన "ఎడమకు తీసి ఆపండి" అన్నది కళ్లు మూసుకుని పాటించకండి. రాయచోటి మీదుగా వేలూరు ఆసుపత్రికి పోయే పేషెంట్లు ఆ దారినే పోతారు. మలుపులో ఆపితే వెనక నుంచి దిగే లోడు లారీకి మీరు కనపడేసరికి ఆలస్యమైపోతుంది. మలుపు దాటేదాకా అదే వేగంతో పోయి, ముందు రోడ్డు కనిపించే చోట, కాస్త వెడల్పున్న చోట ఎడమకు తీయండి. ఎదురుగా ఏమీ రావడం లేదని మీకు స్పష్టంగా కనిపిస్తే చెయ్యి ఊపి పొమ్మనండి, అనుమానం ఉంటే ఊపకండి. ఎదురుగా వచ్చేవాళ్లు కూడా వేగం తగ్గించి ఎడమ అంచుకు జరగాలి, ఆంబులెన్స్ మీ వైపుకు వస్తుందనే లెక్కలో ఉండండి. రాత్రిపూట హైబీమ్ తగ్గించండి. కొందరు డ్రైవర్లు రాత్రి రోడ్డు ఖాళీగా ఉంటే సైరన్ ఆపి లైటుతోనే పోతారు, కాబట్టి చెవులను నమ్ముకోకుండా అద్దం చూస్తుండాలి. అక్కడి అంగళ్లలో కోవా తినడానికి ఆగేవాళ్లు కారును పూర్తిగా రోడ్డు దించి పెడితే అదే పెద్ద సాయం.

ఒక మాట ప్రతి టీ అంగడి దగ్గరా వినపడుతుంది: "లోపల ఎవురూ లేరు, ఊరికే మోత పెట్టుకోని పోతాండారు న్నా." ఖాళీగా ఉందంటే పేషెంటును తెచ్చుకోవడానికి పోతుండొచ్చు కదా! యాక్సిడెంట్ అయినవాళ్లకు మొదటి గంటే కీలకం, ఆ గంటలో కొంత ఆంబులెన్స్ అక్కడికి చేరడానికే పోతుంది. అది నిజమా కాదా అని రోడ్డు మీద తేల్చడం మన పని కాదు, దారి ఇచ్చేయండి.

ఆంబులెన్స్ దాటిపోయాక దాని తోక పట్టుకుని పోయేవాళ్లు వేరే రకం. ట్రాఫిక్ చీలింది కదా అని వెనకే దూరతారు, వెనక రెండో ఆంబులెన్స్ వస్తుందేమో చూడరు. పేషెంటు బంధువులు కూడా నాలుగు ఇండికేటర్లూ వేసి, హారన్ కొడుతూ వెనకే రెడ్ సిగ్నళ్లు దాటేస్తుంటారు. వాళ్ల బాధ అర్థమవుతుంది, కానీ ఆ కారుకు ఏ మినహాయింపూ లేదు, సిగ్నల్ జంప్ చేయడం 184 సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందికే వస్తుంది. ఒకరు ఆంబులెన్స్‌లో కూర్చోండి, మిగతావాళ్లు ఏ ఆసుపత్రో కనుక్కుని నిదానంగా రండి. రిమ్స్ ఆసుపత్రికి పదినిమిషాలు ఆలస్యంగా చేరితే మునిగేదేమీ లేదు.

ఫోన్ చేయాల్సింది మీరే అయితే ఆంబులెన్స్‌కు 108, ఫైర్‌కు 101, జాతీయ రహదారి మీదైతే 1033 కూడా పనికొస్తుంది, ఏదీ గుర్తు రాకపోతే 112. ఫలానా ఊరి దగ్గర అని సరిపెట్టకుండా కిలోమీటరు రాయి మీది అంకె, ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోయే వైపు, ఎంతమందికి దెబ్బలు తగిలాయి, ఎవరైనా బండిలో ఇరుక్కున్నారా, ఇవి చెప్పండి. డివైడర్ ఉన్న రోడ్డులో వైపు తప్పు చెబితే ఆంబులెన్స్ కిలోమీటర్ల దూరం పోయి తిరిగి రావాలి. కేసులో ఇరుక్కుంటామన్న భయం వద్దు, సాయం చేసినవాళ్లకు 134ఏ సెక్షన్ రక్షణ ఉంది, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. చెప్పేశాం కదా అని ఫోన్ జేబులో పెట్టేయకండి, దారి అడగడానికి ఆంబులెన్స్ నుంచి తెలియని నంబరుతో ఫోన్ వస్తుంది, అది ఎత్తండి.