పసుపులో దుంపకుళ్ళు: రాకముందే ట్రైకోడెర్మా వేసుకోండి

ఆగస్టు, సెప్టెంబరు వానలకి పసుపు ఆకుల అంచులు ఎండుతూ మొక్క పాలిపోతుంటే కాండం పట్టుకుని ఒకసారి లాగి చూడండి. మొదలు మెత్తబడి ఊరికే చేతికొచ్చేసి, దుంప విరిస్తే లోపలి నారింజ రంగు పోయి గోధుమ రంగు తిరిగి కంపు కొడుతుంటే అది దుంపకుళ్ళే. దీన్ని తెచ్చే పిథియం అనే తెగులు క్రిమి నిలవనీళ్ళలో ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి పాకుతుంది. అంత ముదిరాక ట్రైకోడెర్మా పోసినా ఆ దుంప బతకదు, ఈ మంచి బూజు శత్రువు కంటే ముందే నేలలో స్థిరపడాలి.

అందుకే విత్తడానికి పది రోజుల ముందు మొదలుపెట్టండి. ఎకరానికి రెండు కిలోల ట్రైకోడెర్మా పొడి, 90 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి నీడలో కలపండి. నీళ్ళు చిలకరిస్తూ కలిపితే పిడికిట్లో ముద్ద కట్టాలి కానీ వేళ్ళ సందుల్లోంచి నీరు కారకూడదు. పైన తడి గోనెసంచులు కప్పి, ఆరిపోకుండా రోజూ చూసుకోండి. వారం, పది రోజులకి సంచి ఎత్తితే తెల్లటి దారాలు అల్లుకుని, వాటి మీద ఆకుపచ్చ బూజు కనబడుతుంది. దాన్ని చూసి ఎరువు పాడైందని పారబోయకండి, మనకి కావాల్సింది అదే! దాన్ని పదును ఉన్న నేలలో సాయంత్రం పూట చల్లి కలిపేయండి, ఎండిన మట్టిలో చల్లితే వేసింది దండగ.

విత్తనం తెగులు లేని చేను నుంచే తీసుకోండి. లీటరు నీటికి పది గ్రాముల ట్రైకోడెర్మా కలిపి దుంపల్ని అరగంట నానబెట్టి, నీడలో ఆరబెట్టి నాటండి.

చాలామంది ఇక్కడే దెబ్బ తింటున్నారు: ఎందుకైనా మంచిదని కార్బెండజిమ్ అనే తెగులు మందు కూడా పోసేస్తారు. అది పిథియంని ఏమీ చేయదు, మనం పెంచిన ట్రైకోడెర్మాని మాత్రం చంపేస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. వేరే తెగులు మందు తప్పనిసరైతే కనీసం 15 రోజుల ఎడం ఇవ్వండి.

ప్యాకెట్ మీద గడువు తేదీ చూసి కొనండి. అందులో ఉన్నది ప్రాణమున్న సరుకు, ఎండలో పెట్టిన డబ్బాలోది చచ్చిపోయి ఉంటుంది. ఇక నల్లరేగడి అయితే ఎత్తు బోదెల మీద నాటి, వాన ఆగిన వెంటనే నీళ్ళు బయటికి పోయేలా కాలువ తీయండి, నీళ్ళు నిలిచే చేలో ట్రైకోడెర్మా ఒక్కటే కాపాడలేదు.