కారులో రోడ్డు హోరు తగ్గించుకోవడం: ఏ షీటు, ఎక్కడ, ఎంత

మాది చిన్న హ్యాచ్‌బ్యాక్. హైదరాబాద్ నుంచి విజయవాడకు నెలకోసారైనా వెళ్తాం, అమ్మ వెనక సీట్లో కూర్చుంటుంది. చౌటుప్పల్ దాటి బండి 80 అందుకున్నాక ఆమె ఏదో అడగడం, నేను "ఆఁ?" అనడం, ఆమె ముందుకు వంగి మళ్లీ అడగడం, నాలుగైదు సార్లయ్యాక విసుగొచ్చి ఊరుకోవడం. ఐదు గంటల ప్రయాణంలో మాట్లాడుకునేది పది నిమిషాలు కూడా ఉండదు. అది నాకు నిజంగా బాధగా అనిపించి, రోడ్డు హోరు తగ్గించే ఈ పనికి దిగాను.

మొదట ఒక షాపులో ఇచ్చాను. ఫుల్ ప్యాకేజీ అని నాలుగు డోర్లకూ నల్లటి షీట్లు అంటించి పంపారు. అవి తారు షీట్లని మే నెల ఎండలో కారు నిలబెట్టాక తెలిసింది. లోపల కొత్తగా రోడ్డు వేస్తున్న వాసన. ఒక డోర్లో షీటు మెత్తబడి జారి కిందికి వచ్చి నీళ్లు పోయే రంధ్రాలను మూసేసింది, వానాకాలంలో డోర్ వేసినప్పుడల్లా లోపల బిందెలో నీళ్లు కదిలినట్టు చప్పుడు. అదంతా గీకి తీసి, రెండు ఆదివారాలు కూర్చుని నేనే మళ్లీ చేసుకున్నాను. కింద రాసేదంతా అలా చేసుకుంటూ తెలుసుకున్నదే.

షీటు కొనే ముందు ఆ హోరు ఎక్కడిదో కనిపెట్టండి. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీదికి వెళ్లి, కిటికీలు మూసి, ఏసీ, పాటలు ఆపేసి 80లో పోతూ వినండి. తారు రోడ్డు మీంచి కాంక్రీట్ మీదికి ఎక్కగానే శబ్దం మారిపోతే అది టైర్లదే. తిన్నగా ఉన్న రోడ్డు మీద రెండు మూడు సెకన్లు క్లచ్ నొక్కితే ఇంజన్ చప్పుడు పడిపోతుంది, అప్పుడూ హోరు అలాగే ఉంటే ఇంజన్‌ను అనుమానించక్కర్లేదు. స్టీరింగ్ కొద్దిగా ఎడమకు, కొద్దిగా కుడికి తిప్పినప్పుడు గుయ్‌మనే శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఉంటే వీల్ బేరింగ్ పోయి ఉండొచ్చు, దానికి కావలసింది మెకానిక్, షీట్లు కాదు.

టైర్ల మీద అరచేయి పెట్టి ముందుకొకసారి, వెనక్కొకసారి నిమరండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపం పళ్లలా తగిలితే టైర్లు వంకరగా అరిగాయని అర్థం, అలైన్‌మెంట్ చూపించాలి. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. పాతబడి గట్టిపడిన రబ్బరు చాలా రొద చేస్తుంది, అలాంటి టైర్లు ఉంచుకుని షీట్లకు డబ్బు పెట్టడం నా దృష్టిలో వృథా. గాలి కూడా డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసినంతే ఉండాలి, ఎక్కువ కొట్టిస్తే ప్రతి చిన్న రాయీ లోపలికి వినిపిస్తుంది.

ఇంకొకటి, గాలి చప్పుడు. వేగం 100 దాటాక కిటికీ అద్దం దగ్గర సుయ్‌మంటుంటే అది డోర్ బీడింగ్, అంటే డోర్ చుట్టూ ఉండే రబ్బరు పట్టీ, వదులైనందువల్ల కావచ్చు. డోర్‌కూ బాడీకీ మధ్య కాగితం పెట్టి డోర్ మూసి లాగండి, సులువుగా వచ్చేస్తే అక్కడ బీడింగ్ పట్టడం లేదు. డోర్ల సందుల మీద మాస్కింగ్ టేపు అంటించి ఒక చక్కర్ కొట్టి రండి, సుయ్‌మనడం ఆగితే బీడింగ్ మార్చుకుంటే చాలు. ఏ షీటూ గాలి చప్పుడును ఆపదు.

ఇక షీటు చేసే పని. కంచు పళ్లెం కింద పడితే చాలాసేపు మోగుతుంది, దాని మీద వేలు పెడితే టక్కున ఆగిపోతుంది కదా, అంతే. కారు రేకు పళ్లెం లాంటిది, టైర్ల అదురు దాని దాకా వచ్చినప్పుడు అదీ మోగుతుంది. బంకలా ఉండే బ్యూటైల్ రబ్బరు, దాని మీద పలుచటి అల్యూమినియం రేకు, ఈ రెండూ కలిసి ఆ అదురును మింగి కొద్దిపాటి వేడిగా మార్చేస్తాయి. పళ్లెం అంతా అరచేయి పరచక్కర్లేనట్టే రేకంతా షీటుతో కప్పక్కర్లేదు. పెద్దగా, చదునుగా ఉన్న రేకు మధ్యలో పావు వంతు నుంచి సగం దాకా అంటిస్తే అదురు చాలావరకు చచ్చిపోతుంది, ఆ తర్వాత అంటించే ప్రతి ముక్కకూ బరువు పెరుగుతుంది గానీ లాభం తగ్గుతూ పోతుంది. ఎక్కడ అంటించాలో తెలియకపోతే కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టు వేలి కణుపుతో తట్టండి. ఠంగుమని డొల్లగా మోగిన చోట అంటించాలి, డబ్ అని ఆగిపోయిన చోట వదిలేయండి.

కొనేటప్పుడు బ్యూటైల్ అని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి, 2 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తారు వాసన వచ్చేదాన్ని మన ఎండలకు అస్సలు తీసుకోవద్దు. చదరపు మీటరు బరువు రకాన్ని బట్టి రెండున్నర నుంచి మూడున్నర కిలోలు ఉంటుంది. నాలుగు డోర్లు, డిక్కీ, వెనక చక్రాల గూళ్లు కలిపి నా కారుకు మూడు చదరపు మీటర్లు పట్టింది, అంటే దాదాపు పది కిలోలు. దీనితోపాటు 6 మిల్లీమీటర్ల క్లోజ్డ్ సెల్ ఫోమ్ (నీళ్లు పీల్చని రకం) కొంత, చేతి రోలర్, క్లిప్పులు ఊడదీసే ప్లాస్టిక్ ట్రిమ్ టూల్స్, రేకు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మంచి గ్లవ్స్. గ్లవ్స్ మాత్రం మర్చిపోవద్దు, ఆ అల్యూమినియం అంచు బ్లేడులా కోస్తుంది, డోర్ లోపలి రేకు అంచులు అంతకన్నా ఘోరం. మామూలు స్పాంజి వాడొద్దు, తడి పీల్చుకుని అక్కడే ఉంచుకుంటుంది, తర్వాత వాసన, తుప్పు.

డోర్లతో మొదలుపెట్టండి, పని నేర్చుకోవడానికి అదే మంచి చోటు. కిటికీ అద్దం పూర్తిగా పైకెత్తి, బ్యాటరీ నెగటివ్ తీగ తీసేసి పది నిమిషాలు ఆగండి. హ్యాండిల్ వెనక, చేయి ఆనించుకునే చోట చిన్న మూతల కింద స్క్రూలుంటాయి. అవి తీశాక కింది అంచు నుంచి ట్రిమ్ టూల్‌తో ఒక్కో క్లిప్పూ వదులు చేసి, డోర్ లోపలి ప్యానెల్‌ను పైకి ఎత్తి తీయాలి. ఒక్కసారిగా లాగొద్దు, వెనక స్విచ్ తీగలు, లాక్ కేబుల్ ఉంటాయి. ప్రతి దశలోనూ ఫోన్‌తో ఫొటో తీసుకోండి, స్క్రూలు ఏ డోర్‌వి ఆ డబ్బాలో వేయండి. ఒకటి రెండు క్లిప్పులు ఎలాగూ విరుగుతాయి, ముందే పది కొని పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

ప్యానెల్ వెనక నల్లటి బంకతో అంటించిన ప్లాస్టిక్ కవరు కనిపిస్తుంది. దాన్ని చింపకుండా మెల్లగా వదిలించండి, డోర్లోకి వచ్చిన వాన నీళ్లు కారులోకి రాకుండా ఆపేది అదే, మళ్లీ అంటించి తీరాలి. రంధ్రాల్లోంచి చేయి పెడితే బయటి రేకు తగులుతుంది. అక్కడ పేరుకున్న దుమ్మును ముందు తడిగుడ్డతో, తర్వాత ఆల్కహాల్‌తో గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవాలి. అందరూ తొందరపడేది ఇక్కడే, దుమ్ము మీద అంటించిన షీటు ఆరు నెలల్లో ఊడుతుంది. షీటును రంధ్రంలో పట్టేలా ఎ4 కాగితమంత ముక్కలు కోసి, మూలలు గుండ్రంగా కత్తిరించండి, పదునైన మూల ముందు లేస్తుంది. అంటించాక రోలర్‌తో గట్టిగా, షీటు మీది గళ్ల అచ్చు చదునయ్యేదాకా నొక్కాలి. నీడలో, పొద్దున పూట చేయండి, మిట్టమధ్యాహ్నం బ్యూటైల్ జిగురై ఎక్కడ తగిలితే అక్కడే అతుక్కుంటుంది. చలికాలంలో అయితే హెయిర్ డ్రయ్యర్‌తో కొంచెం వేడి చేస్తే మెత్తబడుతుంది.

రెండు విషయాలు జాగ్రత్త. డోర్ అడుగున ఉన్న నీటి రంధ్రాలకు నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోండి. అద్దం దిగే దారిలో షీటు తగలకూడదు, కాబట్టి ప్యానెల్ బిగించే ముందే స్విచ్ కలిపి, బ్యాటరీ తగిలించి, అద్దం ఒకసారి కిందికీ పైకీ నడిపి చూడండి. స్పీకర్ వెనక ఎదురుగా ఉన్న రేకు మీద ఒక ముక్క తప్పకుండా వేయండి, పాటల్లో బేస్ ఎంత బిగువుగా మారుతుందో వింటే ఆశ్చర్యపోతారు. లోపల వేలాడే తీగలకు గుడ్డ టేపు చుడితే తర్వాత టకటక ఉండదు.

అసలు ఫలితం మాత్రం నాకు డిక్కీలో వచ్చింది. హ్యాచ్‌బ్యాక్‌లో డిక్కీ, కూర్చునే చోటు ఒకటే గది, మధ్యలో గోడ లేదు, వెనక చక్రాల హోరంతా అక్కడినుంచే ముందుకు వస్తుంది. మ్యాట్, స్టెప్నీ, పక్క ట్రిమ్‌లు తీసేస్తే స్టెప్నీ గుంట, దానికి రెండు వైపులా చక్రాల గూళ్లు బయటపడతాయి. గూళ్ల మీద సగానికి పైనే అంటించండి, ఇక్కడ పొదుపు వద్దు. ఆ పైన ఫోమ్ పరచి ట్రిమ్ బిగించాలి. కింద వంగి చూస్తే చాలా చిన్న కార్లకు వెనక చక్రాల పైన ప్లాస్టిక్ లైనర్ ఉండదు, కంకర రాళ్లు నేరుగా రేకుకే కొట్టుకుంటాయి. మీ మోడల్‌కు లైనర్ దొరికితే వేయించండి.

కార్పెట్ కింద ఫ్లోర్ చేయాలంటే సీట్లు ఊడదీయాలి. సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, తెలియకుండా ముట్టుకోవద్దు. అవి విప్పి ఉన్నప్పుడు ఇగ్నిషన్ ఆన్ చేసినా ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఉండిపోతుంది. ఈ భాగం తెలిసిన మెకానిక్‌తోనే చేయించండి. ఇక్కడ రేకు అదురు ఆపితే చాలదు, కింది నుంచి వచ్చే శబ్దానికి బరువైన అడ్డు కావాలి, అందుకు ఫోమ్ మీద మాస్ లోడెడ్ వినైల్ అనే బరువైన, వంగే ప్లాస్టిక్ షీటు పరుస్తారు. అది చదరపు మీటరుకు ఐదు కిలోల దాకా ఉంటుంది, సందులు లేకుండా పరిస్తేనే పనిచేస్తుంది. నేను ఫ్లోర్ జోలికి వెళ్లలేదు, నాకు డోర్లూ డిక్కీతోనే సరిపోయింది. రూఫ్ చేస్తే వాన చప్పుడూ తగ్గుతుంది కానీ పక్కల్లో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌లు ఉన్న కార్లలో అది ఇంట్లో చేసుకునే పని కాదు. బానెట్ కింద దొరికిన ఫోమ్ ఏదో అంటించడం మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు, ఇంజన్ వేడికి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది.

పనికి ముందు, తర్వాత ఫోన్ యాప్‌తో కొలవండి, అదే రోడ్డు, అదే వేగం, అదే గేరు, ఫోన్ అదే చోట. రెండు మూడు డెసిబెళ్లు తగ్గితే మంచి పని జరిగినట్టే, పది తగ్గుతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. యాప్ అంకె కన్నా చెవికి తేడా ఎక్కువ తెలుస్తుంది, ఎందుకంటే తగ్గేది ముఖ్యంగా తలనొప్పి తెప్పించే ఆ బొంగురు హోరు. మొన్న సూర్యాపేట దగ్గర అమ్మ వెనక్కి ఆనుకునే, మామూలు గొంతుతో టీ తాగుదామా అంది.

మొదటి పెద్ద వాన పడ్డాక ఒకసారి నాలుగు డోర్ల అడుగూ చూడండి, నీళ్లు చుక్కలుగా కారుతుంటే రంధ్రాలు తెరిచే ఉన్నాయి. లోపల మ్యాట్ తడిగా తగిలితే ఆ డోర్ ప్లాస్టిక్ కవరు సరిగా అతుక్కోలేదు, ఆలస్యం చేయకుండా ప్యానెల్ మళ్లీ తీసి అతికించండి.