బ్లూ రూయిన్‌ను తెలుగు చేయడం ఎలా

పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్ల లండన్ కథను అనువదించేటప్పుడు ఏదో ఒక పాత్ర మద్యం దుకాణంలో నిలబడి బ్లూ రూయిన్ పొయ్యమని అడుగుతుంది. ఇప్పుడు ఇంగ్లండులోనే వాడుక తప్పిన ఈ మాటను అర్థం చెడకుండా, దానిలోని మొరటుదనం పోకుండా తెలుగులోకి తేవడానికి నేను అనుసరించే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఆ పేరు ఏ పానీయానిదో, ఏ కాలానిదో తేల్చుకోవాలి. ఫ్రాన్సిస్ గ్రోస్ 1785లో తొలిసారి ప్రచురించిన మొరటు వాడుకల నిఘంటువు ఇందుకు మంచి ఆధారం. దాని 1811 నాటి ముద్రణలో బ్లూ రూయిన్‌కు జిన్ అని, అంటే జునిపర్ కాయల వాసన ఉండే ఘాటైన మద్యమని అర్థమిచ్చారు. ఇంత వెతుకులాట ఎందుకనుకునేవారు రాట్‌గట్ అనే మాటను కూడా అందులో చూడాలి. పేగులను కుళ్లబెట్టేది అనే అర్థాన్నిచ్చే ఆ మాట వినగానే మనకు గొంతు మండించే చౌక మద్యం గుర్తుకొస్తుంది గాని, ఆ నిఘంటువులో అది నిషా ఎక్కని పలుచని బీరు మాత్రమే. కాలం చూసుకోకపోతే అనువాదకుడు నీళ్ల బీరు తాగుతున్న మనిషి చేతిలో నిప్పులాంటి మద్యం పెట్టేస్తాడు.

తరువాత ఆ గ్లాసులో ఉన్నదేమిటో తెలుసుకోవాలి. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్ పేదలు తాగిన జిన్‌లో జునిపర్ కాయల వాసన కోసం కొందరు తయారీదారులు టర్పెంటైన్ నూనె వేసేవారు, గంధకికామ్లం కూడా వాడేవారు. ఆ తాగుడును అరికట్టాలని 1736లో చేసిన చట్టం చిల్లర అమ్మకానికి ఏడాదికి 50 పౌన్ల లైసెన్సు రుసుమును, గాలనుకు 20 షిల్లింగుల పన్నును విధించినా, దొంగచాటు అమ్మకాలు ఆగకపోవడంతో దానిని 1743లో రద్దు చేయవలసి వచ్చింది. 1751లో మరో చట్టం వచ్చింది. చిత్రకారుడు విలియం హోగార్త్ జిన్ లేన్ అనే చిత్రాన్ని అచ్చువేసిందీ ఆ ఏడాదే. మత్తులో ఉన్న తల్లి ఒడిలోంచి బిడ్డ మెట్ల మీదుగా కింద పడిపోతున్న దృశ్యం అందులో కనిపిస్తుంది. ఈ చిత్రాన్ని ఒకసారి నిదానంగా చూడమని నా మనవి, ఎందుకంటే నాశనం అనే అర్థమున్న రూయిన్ అనే మాట బరువు ఎంతటిదో అది చూపినంత స్పష్టంగా ఏ నిఘంటువూ చూపలేదు.

ఇక తెలుగు మాట ఎంపిక. సారా, గుడుంబా అనే మాటలు వెంటనే నోటికి వస్తాయి కాని, రెండూ వద్దనే నా అభిప్రాయం. గుడుంబా అనగానే తెలంగాణ పాఠకుడికి నల్లబెల్లం, పటిక, ఎక్సైజు దాడులు గుర్తుకొస్తాయి, లండన్ వీధి చెరిగిపోతుంది. సారా అనగానే నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో ఊరూరా పాకిన మహిళల పోరాటం, 1993 అక్టోబరు 1 నుంచి అమలైన సారా నిషేధం కళ్ల ముందుకు వస్తాయి. ఆ స్త్రీలు సంపాదించిన చరిత్రను వేరే దేశపు మద్యానికి అంటగట్టడం నాకు న్యాయంగా తోచదు. పైగా ఆ కాలపు లండన్‌లో మన తూర్పుదేశాల సారా అరాక్ పేరుతో దిగుమతై, షోకైన వారు తాగే పంచ్ అనే కలగలుపు పానీయంలో కలిసేది. జిన్‌ను సారా అనేస్తే, అదే కథలో అరాక్ వచ్చినప్పుడు రాయడానికి మాట మిగలదు.

నీలి నాశనం అనే మక్కికి మక్కి అనువాదం కూడా పనికిరాదు. జిన్ నీళ్లలా తేటగా ఉంటుంది కనుక, నీలి అన్నచోట పాఠకుడు నీలిరంగు ద్రవాన్ని ఊహించుకుంటాడు. నాశనం అనేది తాగుబోతు నోట పలికే మాట కాదు. రంగును వదిలి చేటును పట్టుకోవడమే మేలు. కొంప ముంచడమనే మన నానుడి ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. మొదటిసారి వచ్చినచోట కొంపముంచుడు జిన్ అని రాసి, ఆ తరువాత కొంపముంచుడు అని మాత్రమే రాస్తే అధోజ్ఞాపిక అవసరముండదు. “ఇంకో గ్లాసు కొంపముంచుడు పొయ్యవయ్యా” అని పైకి చదివి చూసుకోవాలి. నాలుక తడబడితే మార్చుకోవాలి.

ఆ పేరును అందరి నోటా పెట్టకూడదు. అదే కథలోని న్యాయాధికారి తీర్పు చదివేటప్పుడు జిన్ అనే అంటాడు, వీధిలో తూలుతున్న బండివాడు మాత్రమే కొంపముంచుడు అంటాడు.