క్రిస్మస్ సాధనకు ముందు బాస్ యాంప్ ట్యూబు మారుస్తున్నారా? ముందు ప్లగ్గు తీసి కంటి ముందు పెట్టుకోండి

నవంబరు వచ్చిందంటే విశాఖలో బాస్ గిటార్ వాయించేవాళ్లకు తీరిక ఉండదు. చర్చిల్లో క్రిస్మస్ పాటల సాధన మొదలవుతుంది. నెలల తరబడి మూలన ఉన్న యాంప్‌కు దుమ్ము దులుపుతారు. సరిగ్గా అప్పుడే అది గురగురలాడుతుంది, లేదా శబ్దం వచ్చీ రానట్టు వస్తుంది. ‘ప్రీయాంప్ ట్యూబు పోయినట్టుంది, కొత్తది పెడితే సరి’ అని పక్కవాళ్లు తేల్చేస్తారు. చాలాసార్లు అది నిజమే, మార్చడమూ పెద్ద పని కాదు. కానీ బల్బు మార్చినంత ధీమాగా చెయ్యి పెట్టే పని మాత్రం కాదు.

ట్యూబంటే మన తాతల రేడియోల్లో ఎర్రగా వెలిగిన వాల్వే. జగదాంబ కూడలి దగ్గర ఒక దుకాణంలో అడిగితే నాకు నాలుగడుగుల ట్యూబ్‌లైటు తెచ్చి చూపించారు. ప్రీయాంప్‌లో, అంటే గిటార్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ను మొదట పెంచే భాగంలో, ఎక్కువగా కనిపించేది 12ఏఎక్స్7 రకం. బొటనవేలంత గాజు గొట్టం, అడుగున తొమ్మిది పిన్నులు. దానికి అందే డీసీ కరెంటు సాధారణంగా 150 నుంచి 300 వోల్టుల మధ్య ఉంటుంది. స్పీకరును నడిపే పవర్ ట్యూబులు కూడా ఉన్న యాంపుల్లో 400 దాటుతుంది. ఆరు 6550 రకం పవర్ ట్యూబులతో 300 వాట్లు ఇచ్చే ఆంపెగ్ ఎస్‌వీటీ అనే బాస్ యాంప్‌లో 700 దాకా వెళ్తుంది. ఈ కరెంటును నిలవ ఉంచేవి ఫిల్టర్ కెపాసిటర్లు. ప్లగ్గు తీసినా అవి వెంటనే ఖాళీ కావు. వాటిని ఖాళీ చేసే రెసిస్టర్ ఉన్న యాంపులున్నాయి, కానీ ఆ రెసిస్టర్ ఎప్పుడో కాలిపోయి ఉంటే బయటికి తెలియదు.

కాబట్టి నా గీత ఇది. వెనక జాలీ తీయగానే ట్యూబులు చేతికి అందితే మీరే మార్చుకోవచ్చు. మూత విప్పి సర్క్యూట్ బోర్డు కనిపించేదాకా వెళ్లాల్సి వస్తే మెకానిక్‌కు ఇవ్వండి. ‘మాది తేలికపాటి కొత్త యాంప్, లోపల ఒక్కటే చిన్న ట్యూబు’ అనేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. అలాంటి వాటిలో ట్యూబు దాకా వెళ్లాలంటే చాలావరకు మూత తీయాల్సిందే. గోడలోని 230 వోల్టులను నేరుగా డీసీగా మార్చే సప్లై లోపల ఉంటుంది, అక్కడ దాదాపు 325 వోల్టులు నిలిచి ఉంటాయి. టెస్టరు వెలగలేదు కదా అని నమ్మకండి. కెపాసిటర్‌ను స్క్రూడ్రైవరుతో తాకించి ఖాళీ చేసే వీరవిద్య అసలే వద్దు.

ఆపడానికి ఒక వరస ఉంది. స్పీకరు తీగను కదపకండి, పవర్ ట్యూబుల యాంప్‌ను స్పీకరు లేకుండా నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కే ముప్పు. స్టాండ్‌బై స్విచ్ (యాంప్ ఆన్‌లో ఉండగానే శబ్దం మాత్రం ఆపేది) ఉంటే దాన్ని వాయించే స్థితిలోనే ఉంచి పవర్ ఆపండి. గిటార్ తీగ ఒకటి మీటుతూ ఉండండి, శబ్దం సన్నగిల్లి పూర్తిగా ఆగిపోతుంది. వేడిగా ఉన్న ట్యూబులు నిలవ కరెంటును కొంత లాగేస్తాయి. కొంతే. ఆ తర్వాత ప్లగ్గు తీసి అరగంట ఆగండి. గాజు చల్లారడానికైనా ఆ సమయం కావాలి.

బోర్డు మీద స్విచ్ ఆపితే చాలదా అంటారా? ఒకసారి నేను అలాగే అనుకుని, యాంప్ వెనక చెయ్యి పెట్టి కూర్చున్నాను. సాధనకు వచ్చిన కుర్రాడు ‘అన్నా, ఫోను చార్జింగ్ పెట్టుకుంటాను’ అంటూ అదే బోర్డు మీద ఉన్న స్విచ్చులన్నీ టకటకా వేసేశాడు. ట్యూబులు మెల్లగా ఎర్రబడడం చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. అప్పటినుంచి ప్లగ్గు తీసి యాంప్ మీదే పెట్టుకుంటున్నాను.

ఉంగరం, గడియారం, మెడలో గొలుసు తీసేయండి. ట్యూబు మీద లోహపు తొడుగు ఉంటే కిందికి నొక్కి ఎడమకు తిప్పితే వస్తుంది. ట్యూబును పక్కకు వంచకూడదు. మెత్తటి గుడ్డతో పట్టుకుని, చిన్న సున్నా చుట్టినట్టు కదుపుతూ నిటారుగా లాగాలి. పైన ఉండే గాజు మొన విరిగితే ట్యూబు పని అయిపోయినట్టే. లోపల వెండిలా మెరిసే పూత తెల్లబడి ఉంటే గాలి చొరబడిందని అర్థం, దాన్ని మళ్లీ పెట్టకండి.

కొత్తది కొనే ముందు ఒక మాట. పెదవాల్తేరులోనో బీచ్ రోడ్డు పక్కనో ఉండేవాళ్లకు చెప్పనక్కర్లేదు, కిటికీ ఊచలు తినేసే ఉప్పుగాలి ట్యూబు సాకెట్టును మాత్రం వదులుతుందా? మా యాంప్ సాకెట్టులో టార్చి వేసి చూస్తే రంధ్రాల అంచుల్లో పచ్చటి పొడి కనిపించింది. పిన్నుల మీద కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా చల్లి, పాత ట్యూబునే రెండు మూడుసార్లు తీసి పెట్టి, తడి పూర్తిగా ఆరాక వేసి చూస్తే చిటపట పోయింది. ఖర్చు తప్పింది. గరుకు కాగితంతో మాత్రం రుద్దకండి.

తొమ్మిది పిన్నులు ఉన్నంత మాత్రాన ఏదైనా పెట్టకూడదు. 12ఏఎక్స్7, ఈసీసీ83 ఒకటే. 12ఏటీ7, 12ఏయూ7 అదే సాకెట్టులో పడతాయి, గెయిన్ (సిగ్నల్‌ను పెంచే శక్తి) తగ్గుతుంది. 6డీజే8 కూడా పడుతుంది కానీ దాని లోపలి అమరికే వేరు. పెట్టెలో అంటించిన పటం ఏది చెబితే అదే పెట్టండి. ఒకసారికి ఒక ట్యూబే మార్చండి. పిన్నుల మధ్య వెడల్పాటి ఖాళీని సాకెట్టులోని ఖాళీకి ఎదురుగా ఉంచి నొక్కండి. బలం పెట్టాల్సి వస్తే పిన్ను వంగిందని అనుమానించండి. ప్రీయాంప్ ట్యూబులకు సాధారణంగా బయాస్ (ట్యూబు లాగే కరెంటు మోతాదు) సర్దాల్సిన పని ఉండదు.

జాలీ మూశాకే ప్లగ్గు పెట్టండి. వాల్యూమ్ సున్నాలో ఉంచి ఒక నిమిషం ఆగి, మెల్లగా పెంచండి. అదిరితే చాలు స్పీకరులో ఖంగుమనే ట్యూబును పట్టాలంటే జాలీ సందులోంచి పెన్సిలు రబ్బరు కొసతో ఒక్కొక్కదాన్నీ తట్టండి. చేతివేళ్లు లోపలికి పోకూడదు. బాస్ శబ్దానికి పెట్టె అదురుతుంది కనుక ఈ జబ్బు మనకే ఎక్కువ. ఫ్యూజు పోతే పెద్దది వేయకండి, ప్లగ్గులో మూడో పిన్ను విరిచి గుర్రుమనే శబ్దం తగ్గించుకోకండి. పందిరిలో వాన జల్లు కొట్టి తడిసిన యాంప్‌ను ఆన్ చేయనేవద్దు. తుపానులొచ్చే నెలలు ఇవే.

బాగున్నాయని తేలిన పాత ట్యూబులను పారేయకండి. కొత్తవి ఇప్పుడు రష్యా, స్లొవేకియా, చైనాల నుంచి రావాలి, డిసెంబరు 24 రాత్రి ఆరాధన మధ్యలో ఏ దుకాణమూ తీసి ఉండదు. నావి రెండు, పాత మేజోళ్లలో చుట్టి గిటార్ సంచి అరలో ఉన్నాయి.