రెండు కళాశాలలు కలిసి ఓపెన్ సోర్స్ కోర్సు నడపాలంటే

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ (ఎవరైనా చదివి, మార్చి, పంచుకునేలా కోడును బయటపెట్టిన సాఫ్ట్‌వేర్) మీద రెండు మూడు ఇంజినీరింగ్ కళాశాలలు ఉమ్మడిగా ఒక కోర్సు నడపాలనుకున్నప్పుడు అధ్యాపకులు సాధారణంగా ముందు సిలబస్ రాయడానికి కూర్చుంటారు. ఆ పనిని వెనక్కి నెట్టడమే మంచిది. ఈ కోర్సులో విద్యార్థి రాసిన కోడును చూసి బాగోగులు చెప్పేవారిలో ఏ కళాశాలతోనూ సంబంధం లేని, చాలాసార్లు పైసా జీతం తీసుకోని ప్రాజెక్టు నిర్వాహకులు కూడా ఉంటారు. వారి తీరిక ఎంతో, వారి తదుపరి విడుదల ఎప్పుడో తెలుసుకోకుండా వేసిన వారాల ప్రణాళిక కాగితం మీదే మిగిలిపోతుంది. కనుక కోర్సు మొదలయ్యే సెమిస్టరుకు ముందు సెమిస్టరంతా ప్రాజెక్టుల ఎంపికకూ, కళాశాలల మధ్య ఒప్పందానికీ కేటాయించాలి.

పాఠ్యప్రణాళికలో కోర్సుకు చోటు చూడడం త్వరగా తేలే విషయమే. అటానమస్ కళాశాలలైతే ఎవరి బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో వారు ఆమోదం తీసుకోవచ్చు. కోర్సు కోడ్లు వేరైనా విషయం ఒకటే అయితే చాలు. అనుబంధ కళాశాలకు సిలబస్ మార్చే స్వేచ్ఛ లేదు కనుక, అక్కడ దీన్ని మినీ ప్రాజెక్టు కిందనో, స్కిల్ కోర్సు కిందనో ఇమడ్చవలసి ఉంటుంది. వారానికి 2 గంటల పాఠం, 2 గంటల ల్యాబ్ పెడితే 3 క్రెడిట్లు అవుతాయి. సెమిస్టరు చివరి రాతపరీక్షకే 60, 70 మార్కులు పోయే థియరీ సబ్జెక్టుగా మాత్రం దీన్ని పెట్టకూడదు. అలా పెడితే విద్యార్థులు లైసెన్సుల నిర్వచనాలు కంఠస్థం చేసి బయటపడతారు, ఒక్క ప్యాచ్ (కోడులో చేసిన మార్పు) కూడా పంపరు.

ప్రాజెక్టుల ఎంపికలోనే కోర్సు భవిష్యత్తు తేలిపోతుంది. విద్యార్థులకు పేరు తెలిసిన పెద్ద ప్రాజెక్టులు తీసుకోవాలన్న ఆశ సహజమే గానీ, క్రోమ్ బ్రౌజరుకు మూలమైన క్రోమియం వంటి వాటిని ల్యాబ్ కంప్యూటర్లలో బిల్డ్ చేయడానికే (కోడును నడిచే ప్రోగ్రాముగా మార్చడానికే) రోజులు పట్టవచ్చు. ఎంచుకునే ప్రాజెక్టు మన ల్యాబ్‌లో, మనకున్న ఇంటర్నెట్‌తో, ఒక పూటలో బిల్డ్ కావాలి. కొత్తవారు పంపిన మార్పులకు గత కొన్ని నెలల్లో ఎన్ని రోజులకు జవాబు వచ్చిందో ప్రాజెక్టు కోడు ఉండే రిపాజిటరీలో స్వయంగా చదివి చూడాలి. నచ్చినవారు అక్కడ ఇచ్చే నక్షత్రాల సంఖ్య చూసి మోసపోకూడదు. తెలుగు విద్యార్థులకు ఒక వెసులుబాటు ఉంది. బొమ్మలోని అక్షరాలను చదివే టెసరాక్ట్‌లో తెలుగు అక్షరాల గుర్తింపు, ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో విడుదలైన మండలి, రామభద్ర, సూరన్న వంటి ఖతులలో ఒత్తులు, గుణింతాల అమరిక, ట్రాన్స్‌లేట్‌వికీ అనే అనువాద సైటులో, వికీపీడియాను నడిపే మీడియావికీ సందేశాల అనువాదం, గొంతు రికార్డులు పోగుచేసే మొజిల్లా కామన్ వాయిస్‌లో తెలుగు వాక్యాల సేకరణ ఇవన్నీ భాష తెలిసినవారే తప్పు పట్టగల పనులు. వీటిలో కోడింగ్ తక్కువని చిన్నచూపు చూసే అధ్యాపకులు ఉంటారు. క్షకు ష ఒత్తు ఎక్కడ తప్పుతోందో కనిపెట్టి, అది ఖతి లోపమా, అక్షరాలను అమర్చే హార్ఫ్‌బజ్ లోపమా అని తేల్చమంటే ఆ చిన్నచూపు పోతుంది.

రెండు మూడు ప్రాజెక్టులు ఖాయమయ్యాక వాటి నిర్వాహకులకు ముందుగా రాయడం తప్పనిసరి. ఎంతమంది విద్యార్థులు, ఏ నెలల్లో, ఎలాంటి పనులు చేయగలరో చెప్పి, అన్ని మార్పులను పరిశీలించే ఓపిక వారికి ఉందో లేదో అడగాలి. జవాబు రాకపోతే దాన్ని లేదన్న సమాధానంగానే తీసుకోవాలి. అడగకుండా గుంపుగా వెళ్తే ఏమవుతుందో ఇప్పటికే చూశాం. 2020లో హాక్టోబర్‌ఫెస్ట్ (ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు మార్పులు పంపినవారికి బహుమతులిచ్చిన అక్టోబరు కార్యక్రమం) టీషర్టుల కోసం వచ్చిపడిన పనికిరాని పుల్ రిక్వెస్టులతో (మార్పును చేర్చుకోమని పంపే అభ్యర్థనలతో) నిర్వాహకులు విసిగిపోగా, ఒప్పుకున్న ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకునేలా నిబంధన మార్చవలసి వచ్చింది. 2024లో ఎక్స్‌ప్రెస్ అనే వెబ్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు రీడ్‌మీ (పరిచయం) ఫైలులో తమ పేర్లు చేర్చుతూ కొత్తవారు పంపిన పుల్ రిక్వెస్టులు వెల్లువెత్తాయి. విశ్వవిద్యాలయాలు ఇంకా శ్రద్ధగా గుర్తుంచుకోవలసింది 2021 నాటి అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయ ఉదంతం: పరిశీలన ఎంత గట్టిదో చూడడానికి అక్కడి పరిశోధకులు లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్రమైన కెర్నల్‌కు తెలిసి తెలిసి లోపాలున్న ప్యాచ్‌లు పంపారు, అది బయటపడ్డాక కెర్నల్ నిర్వాహకులు ఆ ఇద్దరు ముగ్గురిని కాక మొత్తం విశ్వవిద్యాలయాన్నే దూరం పెట్టారు. కళాశాల ఈమెయిల్‌తో వెళ్లే ప్రతి మార్పూ కళాశాల పరువుతోనే వెళ్తుంది.

అందుకే కోర్సు నియమాలలో ఒకటి కచ్చితంగా ఉండాలి. అవతలి కళాశాల విద్యార్థి ఒకరు, అధ్యాపకులు ఒకరు చూడకుండా ఏ ప్యాచ్ కూడా బయటికి పోకూడదు. ఉమ్మడి కోర్సు అన్న మాటకు అర్థం వచ్చేది కూడా ఇక్కడే. ఒకే పాఠాన్ని రెండు తరగతి గదుల్లో వీడియోలో వినిపించడానికి ఇంత ఒప్పందం అక్కరలేదు. ప్రతి జట్టులో రెండు కళాశాలల వారూ ఉండాలి, ఒకరి కోడును మరొకరు పరిశీలించాలి. కెనడాలో యూకాస్ప్ పేరుతో నడిచిన కార్యక్రమంలో వేర్వేరు విశ్వవిద్యాలయాల విద్యార్థులు ఒకే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు జట్టులో పనిచేసేవారు. సెమిస్టరు ఆరంభంలో అందరూ ఒకచోట చేరి కొద్ది రోజులు కోడు రాసి, తర్వాత ఎవరి ఊళ్ల నుంచి వారు కొనసాగించేవారు. ఆ మొదటి కలయికకు రవాణా, వసతి ఖర్చు దండగని యాజమాన్యాలు అనవచ్చు. మిగతా ఏ ఖర్చు తగ్గించినా దీన్ని తగ్గించకూడదని నా అభిప్రాయం, ఎందుకంటే ముఖాముఖి చూడని మనిషి కోడులో తప్పు చూపడానికి మన పిల్లలు మొహమాటపడతారు.

రెండు కళాశాలల మిడ్ పరీక్షల తేదీలు కలవవు. క్యాలెండర్లను పక్కపక్కన పెట్టి, ఇద్దరికీ ఖాళీగా ఉన్న వారాలనే జట్టు పనికి వాడుకోవాలి. మొదటి మూడు వారాలు అభ్యాసం కోసం పెట్టుకున్న రిపాజిటరీలోనే గిట్ (కోడులో మార్పుల చరిత్రను నిలిపే పనిముట్టు) నేర్పాలి. ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలలో తెలుగులో విని నేర్చుకోదగినవి ఉన్నాయి, హైదరాబాద్‌లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ కార్యకర్తల సాయం కూడా అడగవచ్చు. లైసెన్సులకు ఒక వారం చాలు. జీపీఎల్ లైసెన్సు కింద ఉన్న కోడును తీసుకుని మార్చి పంచేవారి మీద ఏ బాధ్యత పడుతుంది, ఎంఐటీ లైసెన్సులో అది ఎందుకు పడదు అన్నది ఎంచుకున్న ప్రాజెక్టు ఫైళ్లలోనే చూపించి చెప్పాలి. దీనికన్నా పెద్ద చిక్కు విద్యార్థి రాసిన కోడు ఎవరిదన్నది. కొన్ని కళాశాలల మేధోసంపత్తి నిబంధనలు విద్యార్థుల పని మీద సంస్థకు హక్కు చెబుతాయి. కెర్నల్ వంటి ప్రాజెక్టులేమో ఈ కోడు ఇచ్చే హక్కు నాకుందని పంపేవారి చేత సంతకం పెట్టిస్తాయి. ఈ రెండూ ఢీకొనకుండా, కోర్సులో రాసిన కోడును ప్రాజెక్టు లైసెన్సు కింద విడుదల చేయడానికి అభ్యంతరం లేదని ప్రిన్సిపాల్ చేత ముందే రాయించుకోవాలి.

తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థులు ఇంగ్లిషులో ఇష్యూ (లోపాన్ని తెలిపే నివేదిక) రాయడానికి వెనకాడతారు. ఏం చేశాను, ఏం జరిగింది, ఏం జరగాలి అన్న మూడు సంగతులనూ ముందు తెలుగులో రాయించి, ఆ తర్వాత జట్టు కలిసి ఇంగ్లిషులోకి మార్చితే ఇష్యూలో స్పష్టత వస్తుంది. కృత్రిమ మేధ పనిముట్లతో రాసిన కోడును ఆ ప్రాజెక్టు ఒప్పుకుంటుందో లేదో దాని నిబంధనలలోనే చూడాలి. ఒప్పుకున్నా, వైవాలో ప్రతి వరుసనూ వివరించలేని విద్యార్థికి ఆ పనికి మార్కులు ఇవ్వకూడదు.

మార్కుల విషయంలో తరచు జరిగే పొరపాటు మెర్జ్ అయిన (ప్రాజెక్టులో చేరిన) ప్యాచ్‌లను లెక్కపెట్టడం. మెర్జ్ కావడం నిర్వాహకుని చేతిలో ఉంది, విద్యార్థి చేతిలో లేదు. పైగా దానికి మార్కులు పెడితే రీడ్‌మీలో అక్షరదోషాలు దిద్దే పోటీ మొదలవుతుంది. లోపాన్ని తన యంత్రం మీద మళ్లీ పుట్టించి చూపాడా, రివ్యూలో వచ్చిన ప్రతి వ్యాఖ్యకూ జవాబిచ్చాడా, అవతలివారి కోడును ఎంత శ్రద్ధగా పరిశీలించాడు, పనిదినచర్య సక్రమంగా రాశాడా అన్నవాటికి మార్కులు ఇవ్వాలి. ఒక కళాశాలలో ధారాళంగా, మరొకదానిలో బిగబట్టి మార్కులు వేస్తే ఒకే జట్టులోని పిల్లల మధ్య మనస్పర్థలు వస్తాయి. మొదటి మిడ్ నాటికే నాలుగైదు పనులను ఇరువైపుల అధ్యాపకులూ విడివిడిగా దిద్ది, తేడాలెక్కడున్నాయో కలిసి కూర్చుని చూసుకోవాలి.

చివరి మూడు వారాలలో కొత్త ప్యాచ్‌లు పంపనివ్వకూడదు. పరీక్షలయ్యాక విద్యార్థి మాయమైపోతే, రివ్యూ రాసిన నిర్వాహకునికి బదులు పలికేవారు ఉండరు. ఆ వారాలను పెండింగులో ఉన్నవాటిని ముగించడానికీ, ముగియనివాటిని ఎక్కడ ఆగాయో రాసి మూసివేయడానికీ వాడాలి. అప్పటికీ తెరిచి ఉన్న ప్రతి పుల్ రిక్వెస్టుకూ సెలవుల్లో జవాబు చెప్పే అధ్యాపకుని పేరు పెట్టి, ఆ జాబితాను నిర్వాహకులకు పంపాలి.